పది జపాల దూరం

ఆ వాక్యం చదవడానికి నాకు పన్నెండు సెకన్లు పట్టి ఉంటుంది. దాని వెనక పరిగెత్తడానికి ఆ రోజంతా చాల్లేదు.

నెలలో మొదటి శుక్రవారం పూజ. చాపెల్‌లో నాలుగొందల మంది అమ్మాయిలం. ఫాదర్ గారి ప్రసంగం అయిపోయింది. విశ్వాసుల ప్రార్థనలు చదవడానికి నేను లేచాను. నా గొంతు పెద్దది. బళ్ళో అందరూ నన్ను ‘మైకు’ అనే పిలుస్తారు.

మొదటి మూడూ మామూలువే. జబ్బుపడిన వాళ్ళ కోసం, చనిపోయిన వాళ్ళ కోసం, పరీక్షలు రాసే వాళ్ళ కోసం. నాలుగోది ‘పనిచేసే వాళ్ళందరి కోసం’ అని ఉండాలి. సిస్టర్ చూసి సంతకం పెట్టిన కాగితంలో అలాగే ఉంది. చాపెల్ మెట్ల మీద నిలబడి దాన్ని కొట్టేసి, నేను వేరేగా రాశాను.

తప్పు సిస్టర్‌ది కూడా కొంచెం ఉంది. మా ‘చేయూత’ బృందాన్ని నడిపేది ఆవిడే. శనివారాలు మమ్మల్ని పనిచేసే ఆడవాళ్ళ హాస్టల్‌కి తీసుకెళ్తుంది. వాళ్ళకి దరఖాస్తులు నింపిపెట్టడం, చదువు రాని వాళ్ళకి అక్షరాలు నేర్పడం, చివర్లో కలిసి ప్రార్థన చెయ్యడం మా పని. “ఊరికే ‘పేదల కోసం’ అని ప్రార్థిస్తే దేవుడికి అడ్రస్ దొరకదే. ఎవరికోసమో సరిగ్గా చెప్పండి,” అని ఆవిడ ఎప్పుడూ నవ్వుతూ అనేది.

నేను సరిగ్గా చెప్పాను.

“వెనక తలుపుకి గొలుసు వేసిన చోట, ఆవిరి గొట్టం పగిలి చెయ్యి కాలిన ఒక అక్క కోసం. ఆమె తీసిన ఫోటోలు సోమవారం క్షేమంగా అధికారి చేతికి చేరాలని ప్రభువుని ప్రార్థిద్దాం.”

“ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి,” అన్నారు అందరూ.

ముందు వరసలో కూర్చున్న లాండ్రీ పెద్దాయన కూడా అన్నాడు. సగం దాకా. ‘మా ప్రార్థన’ దగ్గర ఆయన నోరు ఆగిపోయింది.

ఆయన ఎందుకొచ్చాడో అప్పుడు గుర్తొచ్చింది నాకు. వాళ్ళమ్మ పేరు మీద చాపెల్‌కి కొత్త బల్లలు చేయించాడు. పూజ అయ్యాక ఫాదర్ గారు వాటిని దీవించాలి. ఊళ్ళో నాలుగు ఆసుపత్రుల దుప్పట్లు ఉతికేది ఆయన లాండ్రీలోనే. మా పీఠం మీద పరిచే గుడ్డలు కూడా డబ్బు తీసుకోకుండా ఉతికిస్తాడు. నేను చెప్పిన గొలుసు ఆ లాండ్రీ వెనక తలుపుకే ఉంది.

ఆయన లేచి పక్క ద్వారం లోంచి వరండాలోకి వెళ్ళాడు. నేను నిలబడ్డ చోటికి ఆ ద్వారం నాలుగడుగులు. ఐదో ప్రార్థన చదువుతూనే ఆయన ఫోన్‌లో అంటున్నది విన్నాను.

“గొలుసు తీసెయ్. ఇప్పుడే. ఎవర్నీ బయటికి పంపకు. రెండింటికి షిఫ్టు దిగేటప్పుడు అందర్నీ సోదా చేయించు, ఒక్క ఫోన్ కూడా దాటకూడదు. ఆ... ఈ బల్లల పని అవగానే వస్తా.”

తర్వాత వచ్చి, ఏమీ జరగనట్టు మళ్ళీ తన చోట కూర్చున్నాడు.

*

పూజ అయిపోయేసరికి నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చాపెల్ వెనక సామాన్ల గదిలో సిస్టర్ పూజ గుడ్డలు సర్దుతోంది. సన్యాసినిగా మారకముందు ఆవిడ నర్సు. ఏది విన్నా ముందు మణికట్టు గడియారం చూసుకుంటుంది, నాడి పట్టుకున్నట్టు.

నేను చెప్పడం ముగించేసరికి పదకొండూ ఐదు.

“ఫోటోలు అని కూడా చదివావా?”

“చదివాను సిస్టర్.”

“సోమవారం అని కూడా?”

“అడ్రస్ సరిగ్గా చెప్పాలని మీరే...”

“నోర్ముయ్.” గడియారం మళ్ళీ చూసుకుంది. “దీవెన పావుగంట. తర్వాత ఫోటోలు. తర్వాత మదర్ గారి గదిలో టీ. టీ దగ్గర మదర్ గారు ఎవర్నీ తొందరగా వదలరు. మనకి గంట ఉంది. ఆ అక్కకి ఫోన్ చెయ్యి.”

“పని చేసేటప్పుడు ఎత్తదు సిస్టర్. ఫోన్ నడుం దగ్గర కట్టుకుని దాస్తుంది. లోపలికి ఫోన్లు తేనివ్వరు.”

మేం శనివారాలు వెళ్ళే హాస్టల్‌లో ఉండే ఆ అక్కని ‘ఆవిరక్క’ అంటాం. ఆవిరితో దుప్పట్లు ఇస్త్రీ అయ్యే పెద్ద మిషన్ మీద పని. షిఫ్టులో ఎవరూ బయటికి జారుకోకుండా వెనక తలుపుకి గొలుసు వేస్తారట. గొట్టం పగిలిన రోజు పాతికమంది ఆ తలుపు బాదుతూ పావుగంట నిలబడ్డారు. ఆవిరక్క ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. కట్టు విప్పకముందే మళ్ళీ గొలుసు వేశారు. మూడు వేర్వేరు రోజుల్లో ఆవిడ దాన్ని ఫోటో తీసింది. సోమవారం ఆవిడకి సెలవు. కార్మిక శాఖ అధికారికి స్వయంగా చూపించాలని అనుకుంది. గొలుసు ఈపాటికి మాయమై ఉంటుంది. ఇక మిగిలింది ఆ ఫోన్ ఒక్కటే. రెండింటికి అది కూడా పోతుంది, దాంతోపాటు ఆవిడ ఉద్యోగమూ పోతుంది.

“ఏం చెప్పి లోపలికి వెళ్తాం?” అన్నాను.

సిస్టర్ చేతిలో అప్పుడే పూజలో వాడిన చిన్న తెల్లగుడ్డలున్నాయి. పాత్ర తుడిచినవి. వాటిని లాండ్రీకి పంపేముందు చాపెల్‌లోనే చేత్తో ఒకసారి తడిపి, ఆ నీళ్ళు మట్టిలో పొయ్యాలి. దీవించిన ద్రాక్షరసం అంటిన గుడ్డ కదా, ఆ నీళ్ళు కాలువలో కలవకూడదు. ఆ పని సిస్టర్ ఎప్పుడూ తానే చేస్తుంది.

ఈసారి తడపలేదు. పొడిగానే బుట్టలో వేసింది.

“అబద్ధం ఆడను. ఇవి తడపాలి, అది నిజం. ఎక్కడ తడపాలో ఎవరూ రాయలేదు. పద, వ్యాన్ తీస్తా.”

*

సిస్టర్ వ్యాన్ నడిపితే మేం సాధారణంగా కళ్ళు మూసుకుంటాం. ఆ రోజు నేను తెరిచే ఉంచాను, అదే పొరపాటు. రెండు సిగ్నళ్ళు, ఒక సిమెంటు లారీ, ఒక పెళ్ళి ఊరేగింపంత పొడుగున్న గ్యాస్ బండ్ల వరస దాటాం. పదకొండున్నరకి లాండ్రీ గేటు ముందున్నాం.

గేటు దగ్గర కాపలా ఆయన గొలుసు తీసుకుని నిలబడ్డాడు. తలుపుదే అయ్యుంటుంది. ఇంకా దాని మీద గ్రీజు మెరుస్తోంది. ఎక్కడ దాచాలో తెలియక భుజాన వేసుకున్నాడు.

“ఈ రోజు ఎవర్నీ రానివ్వద్దన్నారు సిస్టరమ్మా.”

“గుడ్డలు బాబూ. పీఠం గుడ్డలు.”

“ఇక్కడ ఇచ్చెయ్యండి, నేనే లోపలికి...”

“అలా కుదరదు. ముందు మేమే చేత్తో తడపాలి, ఆ నీళ్ళు మట్టిలో పొయ్యాలి. నువ్వు ముట్టుకుంటావా? ముట్టుకుంటే ఎందుకు ముట్టుకున్నావో మీ పెద్దాయనకి నువ్వే చెప్పుకోవాలి.”

ఆయన చెయ్యి బుట్ట మీద నుంచి చటుక్కున వెనక్కి పోయింది. “చర్చి బండిని మాత్రం ఆపొద్దని సారే అన్నారెప్పుడో,” అని తనకి తాను చెప్పుకుంటూ గేటు తీశాడు.

ఆవరణ ఇలా ఉంది. ఎడమ వైపు రేకుల షెడ్డు. దాని పక్కనే ఆడవాళ్ళ బాత్రూం. కుడి చివర కుళాయి, కొంచెం మట్టి నేల. సిస్టర్ వ్యాన్ అక్కడ ఆపింది. బాత్రూం నుంచి వ్యాన్‌కి నలభై అడుగులు, చెట్టు నీడ కూడా లేని సిమెంటు. ఆ నలభై అడుగుల పైన, మేడ మీద, పెద్దాయన ఆఫీసు కిటికీ.

“బేసిన్ తెస్తానని చెప్పి లోపలికి వెళ్ళు. మూడు నిమిషాలు,” అంది సిస్టర్.

షెడ్డులో వేడి మొహానికి తడిగుడ్డలా తగిలింది. ద్వారంలో సూపర్‌వైజర్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ, “బేసిన్లా? ఆ మూల” అని చూపించాడు. ఆవిరక్క మిషన్ ముందు నిలబడి తడి దుప్పటి అంచులు పట్టి లోపలికి తోస్తోంది. నన్ను చూసింది. చేతులు ఆగలేదు.

“నువ్వేంటి పాపా ఇక్కడ?”

చెప్పాను. మిషన్ హోరులో, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి చెప్పాను.

“అందరి ముందూ చదివావా?”

“మీ పేరు చెప్పలేదక్కా. చెయ్యి కాలిందని మాత్రం...”

“ఇక్కడ చెయ్యి కాలనిది ఎవరు? చూడు.” నిజమే. పక్క మిషన్ ఆవిడ మణికట్టు, దూరంగా మడతలు పెట్టే ముసలావిడ వేళ్ళు. “దాంతో నేను దొరకను. ఇంకేం అన్నావ్?”

“ఫోటోలు అన్నాను.”

అప్పుడు ఆగాయి ఆవిడ చేతులు. దుప్పటి సగం లోపలికి, సగం బయట వేలాడింది.

“నేను ప్రార్థన చెయ్యమన్నాను. చాటింపు వెయ్యమన్లేదు.”

“తప్పయింది అక్కా. ఫోన్ నాకివ్వండి. బుట్టలో పెట్టి తీసుకుపోతాను.”

“నీకా?” ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కంటే చెంపదెబ్బ నయం. “నీకిస్తే వచ్చే శుక్రవారం పాట కూడా కట్టి పాడతావు. నా ఫోన్ నా దగ్గరే ఉంటుంది. మీ సిస్టర్ బండి తలుపు తాళం వేసి ఉందా, తీసి ఉందా?”

“తీసే ఉంది.”

“అయితే నువ్వు బేసిన్ పట్టుకుని పో. నాకు కడుపులో బాగోలేదు, బాత్రూంకి పోవాలి.” ఆ చివరి మాట చెప్పింది నాతో కాదు, సూపర్‌వైజర్‌కి వినపడేట్టు.

“ఇప్పుడే వెళ్ళింది ఒకావిడ. ఆవిడ వచ్చాక పో,” అని ఆయన కసిరాడు.

*

ఆవిరక్క వ్యాన్ ఎక్కబోతోందని సిస్టర్‌కి చెప్పాను. ఆవిడ గుడ్డలు తడిపి, నీళ్ళు మట్టిలో పోస్తుండగా గేటు బయట హారన్ మోగింది. పన్నెండు కూడా కాలేదు. టీ దగ్గర మదర్ గారి పట్టు ఈసారి జారినట్టుంది.

పెద్దాయన కారు దిగి నేరుగా మమ్మల్నే చూశాడు. నవ్వుతూ వచ్చాడు.

“సిస్టర్, ఎండలో మీరెందుకు శ్రమపడటం! మీ పని కానివ్వండి. ఈ పాపతో ఒక్క రెండు నిమిషాలు మాట్లాడాలి. ఎంత బాగా చదివింది పొద్దున!”

సిస్టర్ గుడ్డ పిండుతూ, పెదాలు కదపకుండా అంది. “వెళ్ళు. కిటికీ వైపు తిరగనివ్వకు. ఆవిడ ఎక్కగానే నేను ఆగను. నీ కోసం కూడా ఆగను.”

“నేనెలా రావాలి?”

“కాళ్ళున్నాయిగా.”

మేడ మీద గది చల్లగా ఉంది. ఆయన నన్ను కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. ఆయన కుర్చీ కిటికీకి పక్కగా ఉంది. మెడ కొంచెం తిప్పితే చాలు, ఆవరణంతా కనిపిస్తుంది. నాకు ఎదురుగానే కనిపిస్తోంది. బాత్రూం తలుపు మూసి ఉంది. ఆవిరక్క లోపలుందో, ఇంకా షెడ్డులోనే ఉందో తెలియదు.

“నేను చెడ్డవాణ్ణి కాదు పాపా. ఆ గొలుసు సంగతి నాకు తెలిస్తే ఎప్పుడో తీయించేవాణ్ణి.”

ఫోన్‌లో ఆయన ఎవర్నీ ‘ఏ గొలుసు’ అని అడగలేదు. ఆ సంగతి నేను ఆయనకి చెప్పలేదు.

“ఎవరో చెప్పు చాలు. పిలిచి మాట్లాడతాను, వైద్యం చేయిస్తాను. అంతే.”

“చెప్పకూడదు సార్.”

“చాపెల్‌లో చెప్పొచ్చు, నాకు చెప్పకూడదా?”

ఆయన ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచాడు. రెండు రింగులకి మా బడి నడిపే మదర్ గారు ఎత్తారు. ఆయన మర్యాదగా, నెమ్మదిగా మొత్తం చెప్పాడు. చివర్లో, కొత్త సైన్సు గదుల సంగతి కూడా వచ్చేవారం మాట్లాడుకుందామని కలిపాడు.

తర్వాత మదర్ గారి గొంతు. “అమ్మాయ్, అక్కడున్నావా? పెద్దవాళ్ళు అడిగినప్పుడు జవాబు చెప్పాలి.”

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మెడ కిటికీ వైపు తిరగబోయింది. బాత్రూం తలుపు కదిలినట్టనిపించింది.

“చెప్పేముందు ఒక పది జపాలు చెప్పుకోవచ్చా సార్?” అన్నాను. “నాకు చాలా భయంగా ఉంది.”

ఆయన నా వైపు తిరిగాడు. “ఇప్పుడా?”

“చాలా మంచి మాట,” అంది ఫోన్. “నేను మొదలుపెడతాను. మీరు కూడా చెప్పండి సార్.”

చాపెల్‌కి బల్లలు చేయించిన మనిషి, మదర్ సుపీరియర్ జపం మొదలుపెడితే ఏం చేస్తాడు? కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. నేను చేతులు జోడించాను గానీ కళ్ళు మూయలేదు.

మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం, మొదటిది. బాత్రూం తలుపు తెరుచుకుంది.

రెండోది. ఆవిరక్క బయటికొచ్చి గోడకి ఆనుకుంది.

మూడోది. నడక మొదలుపెట్టింది. పరిగెత్తలేదు. గోడ పక్కనుంచి ఎత్తుకున్న మడత దుప్పట్ల కట్ట ఒకటి చేతుల్లో ఉంది. పని మీద పోతున్నట్టే పోతోంది.

ఐదోదానికి సగం దూరం వచ్చి ఆగిపోయింది. వంగింది. ఎందుకు వంగిందో నాకు తెలియలేదు. లే అక్కా, లే. నా నోరు ఒకటి చెప్తోంది, లోపల ఇంకొకటి అరుస్తోంది. కాసేపటికి రెండూ ఒకటే అయిపోయాయి. అంత గట్టిగా ఆ జపం ఎప్పుడూ చెప్పలేదు నేను.

ఏడోది. సూపర్‌వైజర్ షెడ్డు ద్వారంలోకి వచ్చి, బాత్రూం వైపు చూసి ఏదో కేకేశాడు. కిటికీ అద్దాల్లోంచి కూడా ఆ కేక సన్నగా వినపడింది. పెద్దాయన కనురెప్పలు కదిలాయి.

సరిగ్గా అప్పుడే మదర్ గారు నెమ్మదించారు. రోజూ సాయంత్రం రైలు బండిలా జపమాల చెప్పే మనిషి, ఒక్కో మాటనీ తూకం వేసినట్టు పలకడం మొదలుపెట్టారు. పెద్దాయన కూడా ఆ నెమ్మదికి కట్టుబడ్డాడు. ఆయన రెప్పలు మళ్ళీ మూతపడ్డాయి.

ఎనిమిది. ఆవిరక్క వ్యాన్ తలుపు పట్టుకుంది. తొమ్మిది. తలుపు మూసుకుంది. సిస్టర్ బుట్ట ముందు సీటు మీద పెట్టి, తడి చేతులు తుడుచుకుని, ఏ తొందరా లేనట్టు ఎక్కి కూర్చుంది. పది. ఇంజను మోగింది.

ఆయన కళ్ళు తెరిచాడు.

“చివర చెప్పే త్రిత్వ స్తోత్రం మిగిలింది సార్,” అంది ఫోన్.

మళ్ళీ మూసుకున్నాడు. కాపలా ఆయన గేటు తీసి, వ్యాన్‌కి చెయ్యెత్తి దండం పెట్టడం నేను చూశాను.

*

“ఇప్పుడు చెప్పు,” అన్నాడు.

“చెప్పను సార్.”

ఆయన మొహంలో నవ్వు ఎక్కడికి పోయిందో. ఏదో అనబోయేంతలో సూపర్‌వైజర్ తలుపు తోసుకుని వచ్చాడు. “సార్, ఒకావిడ తక్కువైంది. ఆ ఇస్త్రీ మిషన్ మీద ఉండే...”

పెద్దాయన కిటికీ దగ్గరికి వెళ్ళి ఖాళీ ఆవరణ చూశాడు. కుళాయి కింద మట్టి ఇంకా తడిగానే ఉంది.

“జపాన్ని అడ్డం పెట్టుకున్నావ్.”

“లేదు సార్. నిజంగానే భయమేసింది. ఇంకా వేస్తోంది.”

అది విన్నాడో లేదో. తాళాలు తీసుకుని మెట్లు దిగుతూ, “కార్మిక శాఖ ఆఫీసుకి ఏ దారి దగ్గర?” అని అరిచాడు. నేను గేటు దాటేసరికి ఆయన కారు నా పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ పోయింది. వ్యాన్ వెళ్ళి ఐదు నిమిషాలు కూడా కాలేదు. సిస్టర్ ఎంత తోలినా, ఆ కారు ముందు మా బడి వ్యాన్ ఎంత?

పరిగెత్తాను. ఎటో తెలియదు. పావుగంట తర్వాత ఒక రోడ్డు మలుపులో పంచర్లు వేసే కొట్టు కనిపించింది. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్న ఆయన్ని ఫోన్ అడిగాను. నా యూనిఫాం, నా మొహం చూసి మారు మాట్లాడకుండా ఇచ్చాడు. సిస్టర్ నెంబరు నాకు నోటికి రాదు. వచ్చింది బడి నెంబరు ఒక్కటే.

మదర్ గారే ఎత్తారు.

“ఆయన బయల్దేరాడు మదర్! ఆఫీసుకే వెళ్తున్నాడు, వాళ్ళకి చెప్పండి...”

“వెళ్ళనివ్వు. అక్కడ కుర్చీలు బాగుంటాయి, కూర్చుంటాడు. అధికారి గారు ఇక్కడున్నారు. నువ్వు జపం అడగగానే చీటీ రాసిచ్చి, పక్క గది ఫోన్ నుంచి మన గుమస్తాతో ఆయనకి కబురు పంపించాను. మీ సిస్టర్ కూడా ఇప్పుడే వచ్చింది.” గొంతు కొంచెం గట్టిపడింది. “ఇంకో మాట. చాపెల్‌లో నువ్వు ఇక చదవవు. నేను మళ్ళీ చెప్పేదాకా.”

“సరే మదర్.”

“సైన్సు గదులు కూడా పోయినట్టే. అది నీ పద్దులో వెయ్యను. ఉండు, ఎవరో మాట్లాడతారట.”

ఫోన్ చేతులు మారిన చప్పుడు.

“పాపా,” అంది ఆవిరక్క. “నా పేరు చెప్పావా?”

“చెప్పలేదక్కా.”

“ఊఁ.” ఊపిరి వినిపించింది. “పది జపాలంట కదా. ఐదోదాని దగ్గర నా చెప్పు తెగింది తెలుసా? ఒంటి చెప్పుతో వచ్చాను. ఇరవై అడగాల్సింది నువ్వు.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “ఫోటోలు చూశారా వాళ్ళు?”

“చూస్తున్నారు. తారీఖులు రాసుకుంటున్నారు. ఇప్పుడే లాండ్రీకి పోతారట, మిగతా వాళ్ళని అడగటానికి. వాళ్ళు నోరు విప్పుతారో లేదో, వాళ్ళకీ పొయ్యి వెలగాలిగా. నా పని మాత్రం పోయింది. హాస్టల్ గది కూడా లాండ్రీ వాళ్ళదే, అదీ పోయింది. ఈ రాత్రికి మీ సిస్టర్ల దగ్గర పడుకోమంటున్నారు. రేపు?”

“నేను...”

“ప్రార్థిస్తానని మాత్రం అనకు.”

“అనను. రేపు శనివారం. బడి లేదు. పొద్దున్నే వస్తాను. గది వెతుకుదాం, పని వెతుకుదాం. ఒక్కో గుమ్మం తిరుగుదాం.”

పంచర్ ఆయన ట్యూబు పక్కన పెట్టి నా వైపే చూస్తున్నాడు.

“ఎనిమిదింటికి రా,” అంది ఆవిరక్క. “ఎక్కడికెళ్ళినా నేనే మాట్లాడతాను. నువ్వు పక్కన నిలబడు, చాలు.”

ఫోన్ పెట్టేసింది. నేను దాన్ని పావడాకి తుడిచి ఆయనకిచ్చి, బడికి ఏ దారిలో నడవాలో అడిగాను.